టీ-వన్నా, టీ-త్రీనా?

ఓల్డ్ రాజిందర్ నగర్ నుంచి విమానాశ్రయానికి మెట్రోలో వెళ్లాలనుకునేవాళ్లు రాజేంద్ర ప్లేస్ స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఒకటో టెర్మినల్ అయితే ద్వారక వైపు వెళ్లే బ్లూ లైన్ ఎక్కి, జనక్‌పురి వెస్ట్‌లో మెజెంటా లైన్‌కు మారాలి. డాబ్రీ మోర్, దశరథ్‌పురి, పాలం, సదర్ బజార్ కంటోన్మెంట్ దాటాక టెర్మినల్-1 స్టేషన్ వస్తుంది. అదే రెండో టెర్మినలో, మూడో టెర్మినలో అయితే ఎదుటి ప్లాట్‌ఫామ్‌కు వెళ్లాలి. కరోల్ బాగ్, ఝండేవాలాన్ మీదుగా రాజీవ్ చౌక్ చేరి, అక్కడ యెల్లో లైన్‌కు మారి, ఒక్క స్టాపు తర్వాత న్యూఢిల్లీలో దిగి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలి. ఒకటి పడమటి దారి, ఒకటి తూర్పు దారి. పొరపాటున ఒక టెర్మినల్‌కు బదులు మరో టెర్మినల్‌కు వెళితే విమానం తప్పిపోయినట్టే. అందుకే హైదరాబాదుకో, విజయవాడకో టికెట్టు తీసుకున్న కుర్రాడికి ఇంటి నుంచి వచ్చే ఫోన్‌లో మొదటి ప్రశ్న "ఎన్నింటికిరా ఫ్లైటు?" అయితే, ఇక్కడి స్నేహితుల మొదటి ప్రశ్న "టీ-వన్నా, టీ-త్రీనా?"

ఆ ప్రశ్న వెనక ఇరవై ఏళ్లకు పైబడిన కథ ఉంది. చవక టికెట్ల విమాన సంస్థలు దేశంలోని అతి పెద్ద విమానాశ్రయాల్లోకి వచ్చాయి. మొదట ఓ మూలన సర్దుకున్నాయి. తర్వాత టెర్మినళ్లు నింపాయి. ఇప్పుడు ఆ విమానాశ్రయాల బాగోగులనే శాసిస్తున్నాయి. ఈ కథలో తెలుగు పేర్లు చాలానే కనిపిస్తాయి. విమానం నడిపినవాళ్లు, విమానాశ్రయం కట్టినవాళ్లు, విధానాలు రాసినవాళ్లు, చివరి వరుస సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నవాళ్లు, అందరిలోనూ మనవాళ్లున్నారు.

పుస్తకాల బరువు, ప్రయాణపు లెక్క

దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పడిన కాలనీ రాజిందర్ నగర్. తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పేరు పెట్టుకుంది. ఇప్పుడది సివిల్ సర్వీసెస్ కోచింగ్‌కు దేశంలోకెల్లా పేరున్న చోటు. బడా బజార్ మార్గ్ చుట్టుపక్కల సందుల్లో కోచింగ్ సెంటర్లు, లైబ్రరీలు, ఫొటోస్టాట్ కొట్లు, మంచం, కుర్చీ పట్టేంత గదులు. 2024 జులై 27 రాత్రి ఇక్కడి ఒక బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద నీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఎంత ఇరుకులో, ఎంత ప్రమాదం అంచున ఈ పిల్లలు చదువుతున్నారో దేశానికి ఆ రోజు తెలిసింది.

శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగు జిల్లాలన్నిటి నుంచీ ఇక్కడికి అభ్యర్థులు వస్తారు. హైదరాబాద్ అశోక్ నగర్‌లో కొన్నాళ్లు చదివి, తర్వాత ఇక్కడికి మారేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఏడాది క్యాలెండర్‌ను యూపీఎస్సీ నిర్ణయిస్తుంది. ప్రిలిమ్స్ వేసవిలో. మెయిన్స్ వానలు తగ్గే వేళకు. షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూలు కొత్త ఏడాది మొదట్లో. పండక్కి వెళ్లాలా, అక్క పెళ్లికి ఎన్ని రోజులు వెళ్లాలి, నాన్నకు ఆరోగ్యం బాగాలేదంటే ఎంత త్వరగా చేరగలం అన్నవన్నీ ఆ క్యాలెండర్‌లో మిగిలిన ఖాళీల్లోనే ఇమడాలి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు ఒక రోజు దాటుతుంది. నిజాముద్దీన్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రాజధాని కొంత నయం, అయినా రాత్రంతా, పగలు చాలా భాగం రైల్లోనే. విమానంలో అయితే రెండుంపావు గంటలు. నాలుగు రోజుల సెలవు దొరికినవాడికి రైలెక్కితే ఇంట్లో రెండు రోజులు మిగులుతాయి. విమానమెక్కితే దాదాపు నాలుగూ మిగులుతాయి. మధ్యతరగతి కుటుంబం విమానం టికెట్టుకు డబ్బు సర్దడానికి కారణం ఈ మిగిలే రోజులే. ఇంటర్వ్యూకి పిలిచిన అభ్యర్థులకు యూపీఎస్సీ ఇచ్చే ప్రయాణ ఖర్చు మాత్రం రెండో తరగతి లేదా స్లీపర్ రైలు ఛార్జీకే పరిమితం. తేడా ఇంటివాళ్లు భరించాల్సిందే.

సామానుకూ లెక్క ఉంది. దేశీయ ప్రయాణంలో చవక సంస్థలు సాధారణంగా కింద వేసే సామానుకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు ఇస్తాయి. లక్ష్మీకాంత్ పాలిటీ, స్పెక్ట్రమ్ హిస్టరీ, కట్టలు కట్టిన నోట్సు, అమ్మ పంపిన ఆవకాయ డబ్బా, ఇవన్నీ కలిస్తే పదిహేను ఎప్పుడో దాటిపోతుంది. ఇండిగోలో విద్యార్థి టికెట్టు తీసుకుంటే అదనంగా మరో 10 కిలోలు వస్తాయి. ఈ వెసులుబాటు తెలియక కౌంటర్ దగ్గర డబ్బు కట్టే పిల్లలున్నారు.

బేగంపేటలో మొదలైన మంట

చవక విమానం తెలుగునేల మీద మొదటి అడుగు వేసిన రోజు మంటతో మొదలైంది. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి విజయవాడకు సర్వీసు ప్రారంభించింది. తొలి విమానంలో అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు వెంకయ్యనాయుడు, కేంద్ర మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. బేగంపేటలో గాల్లోకి లేవబోతుండగా ఇంజనుకు మంటలంటుకున్నాయి. అందరూ సురక్షితంగా దిగారు. ఒక కొత్త సంస్థకు అంతకు మించిన అపశకునం ఉండదు. అయినా అది ఆగలేదు.

దాన్ని పెట్టిన కెప్టెన్ జి.ఆర్.గోపీనాథ్ కర్ణాటక హాసన్ జిల్లా గొరూరు మనిషి. సైన్యంలో పనిచేసి, 1971 యుద్ధం చూసి, ఊరికొచ్చి వ్యవసాయం చేశారు. 2003 ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్లీకి ఎయిర్ డెక్కన్ మొదటి విమానం నడిపారు. రూపాయికి టికెట్టు ఇచ్చిన సంస్థగా ఆ పేరు దేశమంతా మార్మోగింది. ఆ రూపాయి సీట్లు కొన్నే ఉండేవి. ముందుగా కొన్నవాడికి తక్కువ, ఆఖర్న కొన్నవాడికి ఎక్కువ అనే పద్ధతిని దేశానికి నేర్పింది మాత్రం అవే. సుధ కొంగర తీసిన 'ఆకాశం నీ హద్దురా' చూసినవారికి ఈ కథ పరిచయమే. గోపీనాథ్ ఆత్మకథ ఆధారంగా తమిళంలో తీసిన చిత్రానికి తెలుగు రూపం అది.

2007లో ఎయిర్ డెక్కన్‌లో కింగ్‌ఫిషర్ వాటా కొంది. తర్వాత పేరే మార్చేసింది. కానీ అప్పటికే స్పైస్‌జెట్, గోఎయిర్ వచ్చేశాయి. 2006 ఆగస్టు 4న ఇండిగో తన మొదటి విమానం ఢిల్లీ నుంచి నడిపింది. ఈ సంస్థ ఏడాది ముందే, విమానమంటూ ఒక్కటీ లేని రోజుల్లో, పారిస్ ఎయిర్‌షోలో వంద ఎయిర్‌బస్ ఎ320లకు ఆర్డరిచ్చింది. ఒకే రకం విమానాలు, ఒకే రకం శిక్షణ, ఒకే రకం విడిభాగాలు. దిగిన విమానం అరగంటలోపు మళ్లీ ఎగరాలి. తిండి కావాలంటే కొనుక్కోవాలి. నేల మీద నిలబడిన విమానం రూపాయి సంపాదించదన్న ఒక్క సూత్రం మీద ఈ వ్యాపారమంతా నడుస్తుంది.

ప్రపంచంలో ఒక దారి, మనకు మరో దారి

ఐరోపాలో, అమెరికాలో చవక సంస్థలు మొదట పెద్ద విమానాశ్రయాల జోలికి పోలేదు. 1971లో మొదలైన సౌత్‌వెస్ట్, డాలస్‌కు కొత్త పెద్ద విమానాశ్రయం వచ్చాక కూడా పాత లవ్ ఫీల్డ్‌లోనే ఉండిపోయింది. ర్యాన్ఎయిర్ 'ఫ్రాంక్‌ఫర్ట్' అని టికెట్టమ్మి ప్రయాణికులను దింపిన హాన్, ఫ్రాంక్‌ఫర్ట్‌కు దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉండే ఒకప్పటి అమెరికన్ వైమానిక స్థావరం. అక్కడ దిగేందుకు రుసుము తక్కువ, రద్దీ లేదు, అరగంటలో తిరిగి ఎగరొచ్చు. దూరం భారాన్ని ప్రయాణికుడే బస్సెక్కి మోశాడు.

ఆ దారి కొన్నేళ్లకు ఎక్కడికక్కడ ఆగింది. టికెట్టుకు ఎక్కువ ధర పెట్టగలిగే వ్యాపార ప్రయాణికులు ఊరికి దూరంగా దిగరు. సౌత్‌వెస్ట్ 2009లో న్యూయార్క్ లాగార్డియాలోకి, బోస్టన్ లోగన్‌లోకి వచ్చింది. 2012లో అట్లాంటాలోకి వచ్చింది. ఈజీజెట్ పారిస్ చార్ల్స్ డిగాల్‌లో స్థావరం పెట్టుకుంది. ర్యాన్ఎయిర్ రోమ్ ఫ్యుమిచీనోకూ, బ్రసెల్స్ ప్రధాన విమానాశ్రయానికీ వచ్చి, 2017లో అసలైన ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దిగింది. అయిదేళ్లకు, ఖర్చులు పెరిగాయంటూ అక్కణ్నుంచి వెళ్లిపోయింది. సింగపూర్ 2006లో చవక ప్రయాణికుల కోసమే ప్రత్యేకంగా 'బడ్జెట్ టెర్మినల్' కట్టింది. ఆరున్నరేళ్లకే మూసేసి, కూల్చేసి, అదే చోట నాలుగో టెర్మినల్ కట్టింది. చవక ప్రయాణికుడికీ మంచి టెర్మినల్ కావాలని అక్కడివాళ్లకు అర్థమైంది.

మన దేశంలో హాన్ లాంటి విమానాశ్రయాలు లేవు. పాతవి ఉన్నచోట కొత్తది రాగానే పాతది మూసేశారు. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకోగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఉద్యోగులు సమ్మె చేసినా, నగరం నడిబొడ్డున ఉన్నది ఎందుకు వదులుకోవాలని జనం అడిగినా ఫలితం లేకపోయింది. కొత్త విమానాశ్రయం కట్టే ప్రైవేటు సంస్థకు చుట్టూ 150 కిలోమీటర్లలో మరొకటి రాదన్న భరోసా ఒప్పందంలోనే ఉంది. పెట్టుబడి పెట్టినవాడికి అది న్యాయమే కావచ్చు. ప్రయాణికుడికి మాత్రం ఉన్న ఒక్క దారీ అదే అయింది. అలా మన చవక సంస్థలు మొదటిరోజు నుంచే పెద్ద విమానాశ్రయాల్లో పెరిగాయి.

రాజాం నుంచి పాలం

పాలంలోని ఢిల్లీ విమానాశ్రయ నిర్వహణ 2006లో జీఎంఆర్ చేతికి వచ్చింది. ఆ సంస్థ అధినేత గ్రంధి మల్లికార్జునరావుది అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాం. జనపనార మిల్లుతో మొదలుపెట్టి విద్యుత్తు, రోడ్లు దాటి విమానాశ్రయాల దాకా వచ్చారు. ఢిల్లీ ఒప్పందం ప్రకారం మొత్తం రాబడిలో 45.99 శాతం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఇవ్వాలి. శంషాబాద్‌లో ప్రభుత్వానికిచ్చే వాటా 4 శాతమే. ఢిల్లీలో ప్రతి రుసుము మీదా ఎందుకంత పేచీ ఉంటుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది.

2009లో ఒకటో టెర్మినల్‌లో కొత్తగా '1డి' తెరిచారు. ఇండిగో, స్పైస్‌జెట్, గోఎయిర్ అక్కడ స్థిరపడ్డాయి. 2010 జులైలో, 37 నెలల్లో కట్టిన మూడో టెర్మినల్ వచ్చింది. ఎయిరిండియా, జెట్, కింగ్‌ఫిషర్ అక్కడికి మారాయి. గాజు గోడలు, మెత్తటి తివాచీ, కిలోమీటర్ల కొద్దీ నడక. కొన్నేళ్లపాటు ఢిల్లీలో రెండు రకాల ప్రయాణికులుండేవారు. టీ-3లో తివాచీ మీద నడిచేవారు కొందరు. టీ-1లో బస్సెక్కి విమానం దాకా వెళ్లేవారు కొందరు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా రెండో రకంలోనే ఉండేవారు.

2012లో నియంత్రణ సంస్థ ఢిల్లీ విమానాశ్రయ రుసుములను 345 శాతానికి పైగా పెంచేందుకు ఒప్పుకుంది. చవక సంస్థలకు అది పెద్ద దెబ్బ. టికెట్టు ధరలో విమానాశ్రయం వాటా పెరిగేకొద్దీ 'చవక' అనే మాటకు అర్థం తగ్గుతుంది. తర్వాత రుసుములు బాగా దిగొచ్చాయి. 2025 ఏప్రిల్ నుంచి ఢిల్లీలో దేశీయ ప్రయాణికుడు బయల్దేరేటప్పుడు 129 రూపాయలు, దిగేటప్పుడు 56 రూపాయలు కడుతున్నాడు. భద్రతా రుసుము మరో 200. ఇంధనం మీద ఢిల్లీ ప్రభుత్వం వేసే వ్యాట్ కూడా చివరికి టికెట్టులోకే వచ్చి చేరుతుంది.

2017 నాటికి ఒకటో టెర్మినల్ కిక్కిరిసిపోయింది. విస్తరించాలంటే ముందు కొంత ఖాళీ చేయాలి. మూసేసిన పాత రెండో టెర్మినల్‌ను బాగు చేసి, మూడు చవక సంస్థలూ కొన్ని సర్వీసులు అక్కడికి మార్చాలని నిర్వాహకులు చెప్పారు. గోఎయిర్ ముందుగా వెళ్లింది. ఇండిగో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. వాదన నెగ్గలేదు, 2018లో కొన్ని విమానాలు మార్చుకోక తప్పలేదు. ఆ సంస్థ అభ్యంతరంలో ప్రయాణికుడి గోడూ ఉంది. ఒకే సంస్థ విమానాలు రెండు టెర్మినళ్ల నుంచి బయల్దేరితే, టికెట్టు సరిగ్గా చదవనివాడు తప్పు చోట దిగుతాడు. రాజేంద్ర ప్లేస్ మెట్రోలో ప్లాట్‌ఫామ్ ఎంచుకోవాల్సిన అవసరం నిజానికి అక్కడే పుట్టింది.

ఒకటో టెర్మినల్ కొత్త రూపాన్ని 2024 మార్చిలో ప్రారంభించారు. ఏడాదికి 4 కోట్ల మంది పట్టేంత పెద్దది. అదే ఏడాది జూన్ 28 తెల్లవారుజామున కుండపోత వానకు పాత భాగం ముంగిట పందిరి కూలి ఒకరు చనిపోయారు. విమానాలన్నీ టీ-2కీ టీ-3కీ మారాయి. ఆగస్టు నుంచి మెల్లగా వెనక్కొచ్చాయి. 2025 ఏప్రిల్‌లో టీ-2ను మరమ్మతులకు మూశారు, అక్టోబరులో తెరిచారు. ఈసారి టీ-2లోకి ఎయిరిండియా దేశీయ విమానాలు కొన్ని కూడా వచ్చాయి. గొప్ప సంస్థకొక టెర్మినల్, చవక సంస్థకొక టెర్మినల్ అన్న పాత గీత దాదాపు చెరిగిపోయింది.

పొద్దుటి ఎనిమిదింటి స్లాటు

పెద్ద విమానాశ్రయంలో స్థలం కంటే విలువైనది సమయం. ఏ సంస్థ విమానం ఏ గంటలో ఎగరాలో, ఏ గంటలో దిగాలో ముందే కేటాయిస్తారు. దాన్నే స్లాటు అంటారు. పొద్దుట ఏడు నుంచి పది, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది మధ్య స్లాట్లకు గిరాకీ ఎక్కువ. ఒకసారి దక్కిన స్లాటును సరిగ్గా వాడుకుంటే వచ్చే సీజన్‌లోనూ అది అదే సంస్థకు చెందుతుంది. కొత్తగా వచ్చిన సంస్థకు అర్ధరాత్రి తర్వాతి వేళలే మిగులుతాయి. అందుకే టికెట్టు చవగ్గా కనిపించే విమానాలు చాలాసార్లు మెట్రో ఇంకా మొదలుకాని వేళకు ఎగురుతాయి. రాజిందర్ నగర్ నుంచి తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ మాట్లాడుకున్న విద్యార్థి, టికెట్టులో మిగిల్చుకున్న డబ్బులో కొంత రోడ్డు మీదే వదిలేస్తాడు.

ఒక సంస్థ కూలినప్పుడల్లా ఈ స్లాట్లు చేతులు మారాయి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. ఢిల్లీ, ముంబైల్లో జెట్ వదిలిన స్లాట్లను తాత్కాలికమంటూ మిగతా సంస్థలకు పంచారు. వాటిలో చవక సంస్థలే ముందున్నాయి. 2023 మేలో, గోఫస్ట్‌గా పేరు మార్చుకున్న గోఎయిర్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024లో విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే మిగిలినవాళ్లు పెరిగారు. ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఇండిగోనే.

ఆ సంస్థ ఇంకా 'చవక' సంస్థేనా అన్నదీ ఆలోచించాల్సిన విషయమే. 2023లో ఒకేసారి 500 విమానాలకు ఆర్డరిచ్చింది. 2024 నవంబరులో ఢిల్లీ-ముంబై మధ్య బిజినెస్ సీట్లు తెచ్చింది. 2025 జులైలో బోయింగ్ 787లతో ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు, మాంచెస్టర్‌కు ఎగిరింది. విజయవాడలో ఎక్కినవాడు ఢిల్లీలో మారి విదేశానికి వెళ్లేలా టికెట్లమ్ముతోంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి నేరుగా తీసుకెళ్లడమే చవక సంస్థ పని అనుకున్న రోజులు పోయాయి. పెద్ద సంస్థలు చేసే పనినే ఇది చేస్తోంది, ఆ పని జరిగే పెద్ద విమానాశ్రయాల్లోనే.

మనకు దక్కింది

దక్కింది తక్కువేం కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడ-ఢిల్లీ మధ్య ఇండిగో నేరు సర్వీసు మొదలుపెట్టింది. డిసెంబరులో రాజమహేంద్రవరం నుంచీ ఢిల్లీకి నేరు విమానం వచ్చింది. అంతకుముందు గోదావరి జిల్లాల కుర్రాడు హైదరాబాదులోనో, బెంగళూరులోనో గంటలకొద్దీ కూర్చునేవాడు. రెండు ప్రారంభాలూ కేంద్ర పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడి హయాంలోనే జరిగాయి. ఆయనదీ శ్రీకాకుళమే. అంతకు ముందు 2014 నుంచి 2018 దాకా అదే శాఖ చూసిన అశోక్‌గజపతిరాజుది విజయనగరం. పాలం విమానాశ్రయాన్ని నడిపే సంస్థ మూలాలు రాజాంలో. ఒకప్పుడు వలసలకే పేరుపడిన ఉత్తరాంధ్ర, దేశపు ఆకాశం మీద ఇంత ముద్ర వేయడం ఆ ప్రాంతంవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

అశోక్‌గజపతిరాజు కాలంలోనే 'ఉడాన్' వచ్చింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకూడదన్న పథకం. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని దాన్ని ప్రారంభించిన రోజే కడప-హైదరాబాద్ విమానమూ మొదలైంది. నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్. చిన్న ఏటీఆర్ విమానాలతో చిన్న ఊళ్లను కలిపింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. చిన్న ఊరి నుంచి ఎగిరే విమానానికి పెద్ద విమానాశ్రయంలో మంచి వేళకు చోటు దొరకాలి, సబ్సిడీ గడువు తీరాక కూడా సీట్లు నిండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత సదుద్దేశమైనా నిలబడదు. ఉడాన్ మార్గాలు చాలా వాటికి జరిగింది ఇదే.

డిసెంబరు 5

ఒకే సంస్థ మీద ఇంతగా ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబరులో దేశం చూసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు నవంబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రివేళ దింపగలిగే విమానాల సంఖ్య తగ్గింది. నిద్ర చాలని పైలట్ చేతిలో నూట ఎనభై మందిని పెట్టకూడదన్నది ఆ నిబంధనల ఉద్దేశం. అది సరైనది. గడువు ముందే తెలిసినా ఇండిగో సరిపడా సిబ్బందిని సమకూర్చుకోలేదు. డిసెంబరు మొదటి వారంలో వ్యవస్థ కుప్పకూలింది. 5వ తేదీన ఢిల్లీ నుంచి ఆ సంస్థ దేశీయ విమానాలన్నీ అర్ధరాత్రి దాకా రద్దయ్యాయి. ఆ ఒక్కరోజే దేశమంతటా వెయ్యికి పైగా సర్వీసులు ఆగాయి. టెర్మినళ్లలో సూట్‌కేసుల గుట్టలు పేరుకున్నాయి. శంషాబాద్‌లోనూ అదే దృశ్యం.

మిగతా సంస్థల టికెట్లు ఆకాశాన్నంటాయి. 6వ తేదీన ప్రభుత్వం ధరలకు పరిమితి పెట్టింది. వెయ్యి నుంచి పదిహేను వందల కిలోమీటర్ల దూరానికి 15,000 రూపాయలు. ఢిల్లీ నుంచి హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ ఈ వరుసలోకే వస్తాయి. ఒక విద్యార్థికి ఆ పరిమితి కూడా భారమే. రైల్వే అదనపు బోగీలు వేసింది. విమానం రద్దయిన తెలుగువాళ్లు మళ్లీ రైల్వే స్టేషన్లలో తత్కాల్ కోసం ప్రయత్నించారు. నిబంధనల్లో ఇండిగోకు 2026 ఫిబ్రవరి దాకా సడలింపు ఇచ్చి, సర్వీసులు పది శాతం తగ్గించమన్నారు.

ఆ సడలింపు ఇబ్బందికరమైన నిర్ణయం. దేశంలో ఆరో వంతు విమానాలు నడిపే సంస్థ తప్పు చేస్తే, దాన్ని శిక్షించి మిగతావాటితో పని నడిపించవచ్చు. పదింట ఆరు వంతులు నడిపే సంస్థ తప్పు చేసినప్పుడు ప్రభుత్వానికి ఆ వెసులుబాటు ఉండదు. పైలట్ విశ్రాంతికీ ప్రయాణికుడి అవసరానికీ మధ్య బేరం పెట్టాల్సి వచ్చింది. అలాంటి బేరం మళ్లీ రాకూడదంటే పెద్ద విమానాశ్రయాల్లో మంచి వేళల స్లాట్లు కొత్త సంస్థలకు కొన్నయినా కేటాయించాలి. 2022లో వచ్చిన ఆకాశ లాంటి సంస్థలు అర్ధరాత్రి వేళలతోనే బతకాల్సి వస్తే పోటీ పేరుకే మిగులుతుంది.

రెండో విమానాశ్రయం ఎవరికి?

ఢిల్లీకి ఇప్పుడు పక్క దారులు తెరుచుకుంటున్నాయి. ఘాజియాబాద్ దగ్గర వైమానిక దళానికి చెందిన హిండన్‌లో 2019లో ప్రయాణికుల టెర్మినల్ కట్టారు. చాలాకాలం అక్కడ ఉడాన్ విమానాలే. 2025 మార్చిలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్, జులైలో ఇండిగో వచ్చాయి. వాణిజ్య విమానాలను అక్కడికి అనుమతించడాన్ని పాలం నిర్వాహక సంస్థ హైకోర్టులో సవాలు చేసింది. 150 కిలోమీటర్ల భరోసాను నమ్మి కోట్లు పెట్టినవాళ్ల ఆందోళన అర్థం చేసుకోదగిందే. కానీ తూర్పు ఢిల్లీలో ఉండేవాడు నగరమంతా దాటి పాలం వెళ్లాలనడానికి అది చాలిన కారణం కాదు. ఇండిగో హిండన్ నుంచి మొదటగా ఎనిమిది నగరాలకు ఎగిరింది. బెంగళూరు, చెన్నై, ముంబై, కోల్‌కతా ఉన్నాయి. ఆ ఎనిమిదిలో తెలుగు నగరం ఒక్కటీ లేదు.

జెవర్ దగ్గర నోయిడా విమానాశ్రయానికి 2021 నవంబరు 25న శంకుస్థాపన జరిగింది. 2019లో టెండరు వేసినప్పుడు ఒక్కో ప్రయాణికుడికి 400.97 రూపాయలు ఇస్తామని జ్యూరిక్ విమానాశ్రయ సంస్థ గెలుచుకుంది. పోటీలో పాలం నిర్వాహకులూ ఉన్నారు. అక్కడి నుంచి ఎగరడానికి ముందుగా ఒప్పుకున్న సంస్థ మళ్లీ ఇండిగోనే. రాజిందర్ నగర్ నుంచి జెవర్ వెళ్లాలంటే ఢిల్లీ దాటి, నోయిడా దాటి, యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చాలా దూరం పోవాలి. అక్కడి రుసుములు ఎంత తక్కువైనా, నగరం నుంచి రైలు సౌకర్యం లేనంతకాలం ఓల్డ్ రాజిందర్ నగర్ అభ్యర్థికి ఆ టికెట్టు చవక కాదు. అదే జెవర్ విమానాశ్రయం అలీగఢ్, బులంద్‌షహర్ వాసికి మాత్రం వరమే.

తెలుగునాట ఇదే ప్రశ్నకు జవాబు వరంగల్‌లో వెతకాలి. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం 1981 దాకా పనిచేసింది. మళ్లీ తెరవాలన్న మాట ఎన్ని ఎన్నికల్లో వినిపించినా, శంషాబాద్ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల షరతు అడ్డుపడేది. 2025 ఫిబ్రవరిలో జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పింది, కేంద్రం అనుమతించింది. రన్‌వే పొడిగించడానికి రైతుల నుంచి భూమి సేకరించాలి, పరిహారం సక్రమంగా ఇవ్వాలి. ఆ తర్వాత ఏ సంస్థయినా అక్కడికి రావాలంటే, ఢిల్లీలో దాని విమానానికి దిగే వేళ ఒకటి దొరకాలి. అది దొరికేదాకా వరంగల్ కుర్రాడు రోడ్డు మీద శంషాబాద్ చేరి, అక్కడ ఢిల్లీ విమానం ఎక్కి, దిగాక ఏ లైన్ మెట్రో అందుకోవాలో తెలుసుకోవడానికి బోర్డింగ్ పాస్ మీద టెర్మినల్ నంబరు వెతుక్కుంటూనే ఉంటాడు.